చలికాలంలో కరెంటు బిల్లు పెరిగిందా? ఎక్కడ పోతోందో పట్టుకుని తగ్గించుకోవడం ఎలా

ఏసీ కట్టేసి రెండు నెలలైంది, కూలర్ మీద దుప్పటి కప్పేశాం, అయినా డిసెంబరు బిల్లు చూస్తే అక్టోబరు కంటే ఎక్కువ వచ్చింది అని చాలామంది అంటుంటారు. మన విజయవాడలో చలి అంటే ఎంతండీ, తెల్లారగట్ల ఓ 18, 19 డిగ్రీలు, ఎనిమిదయ్యేసరికి ఎండ వచ్చేస్తది, రూమ్ హీటర్ ఉన్న ఇల్లు నేనైతే ఇక్కడ చూడలేదు. ఎండాకాలమంతా ఏసీ బిల్లులు కట్టికట్టి ఉన్న మనకి జేబు కాస్త తెరిపిన పడే నెలలు ఇవే, వీటిల్లో కూడా బిల్లు దిగట్లేదంటే ఇంట్లో ఏదో ఒకటి మనకి తెలీకుండా కరెంటు లాగేస్తున్నట్టే. అదేంటో కనిపెట్టకముందే కొత్త ఫ్యాన్లు, కొత్త బల్బులు కొనబోకండి, ముందు వెతకండి.

మా ఇంట్లో పోయినేడాది ఇదే జరిగింది. భవానీపురంలో ఉంటాం, నలుగురం. మామూలుగా చలికాలంలో 225 యూనిట్ల లోపే వచ్చేది, ఆ నెల 280 వచ్చింది. ఎలా పట్టుకున్నానో చెప్తా, ముందు బిల్లు సంగతి చూద్దాం.

ముందు బిల్లులో యూనిట్లు చూడండి, రూపాయలు కాదు

బిల్లులో ఎనర్జీ ఛార్జీలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు అని రకరకాల లైన్లు ఉంటాయి. ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ పేరుతో పడేది ఎప్పుడో వాడిన యూనిట్ల మీద కూడా పడుతుంది కాబట్టి ఈ నెల ఎంత పొదుపు చేసినా ఆ లైను వెంటనే తగ్గదు. అందుకని ఈ డిసెంబరు యూనిట్లు, పోయిన డిసెంబరు యూనిట్లు పక్కపక్కన పెట్టి చూడండి. యూనిట్లు అంతే ఉండి డబ్బులు మాత్రం పెరిగితే మీ ఇంట్లో తప్పేమీ లేదు. ఇంకోటి, రీడింగ్ ఎన్ని రోజులకి తీశారో కూడా చూడండి, 29 రోజులకీ 34 రోజులకీ చాలా తేడా ఉంటుంది.

యూనిట్లే పెరిగితే శ్లాబుల లెక్క తెలియాలి. 2022 ఏప్రిల్లో మన రాష్ట్రంలో ఇళ్ళకి ఒక్కో యూనిట్‌కి పెట్టిన రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మా లెక్కే చూడండి, మొదటి 225 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ మొత్తం కలిపి 1017 రూపాయలు, ఆ తర్వాత ఎక్కువొచ్చిన 55 యూనిట్లకే 481 రూపాయలు! అంటే పైన ఉన్న ఆ కొసరు యూనిట్లే బాగా ఖరీదు. ఇల్లంతా చీకటి చేసుకుని కూర్చోనక్కర్లేదు, ఆ కొసరు ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టుకుంటే చాలు.

మీటరు దగ్గర పావుగంట నిలబడండి

డబ్బు ఖర్చు లేని పని ఇది, అయినా ఎవరూ చెయ్యరు. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు ఒకటి మిణుకు మిణుకు మంటుంటుంది, దాని పక్కన యూనిట్‌కి 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే ఆ లైటు 3200 సార్లు వెలిగి ఆరితే ఒక యూనిట్ తిరిగినట్టు. ఒక నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి దాన్ని 60 పెట్టి హెచ్చవేసి 3200తో భాగించి 1000 పెట్టి హెచ్చవేస్తే ఇంట్లో ఆ నిమిషాన ఎన్ని వాట్లు కాలుతున్నాయో వస్తుంది. ఫ్రిజ్ ఒక్కటే నడుస్తుంటే నిమిషానికి ఓ ఐదారు సార్లు, 2000 వాట్ల గీజర్ అయితే 107 సార్లు, అంటే సెకనుకి ఇంచుమించు రెండుసార్లు.

ఆదివారం పదకొండింటికి అందరి స్నానాలూ అయిపోయాక ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేసి, కింద మీటరు దగ్గర నిలబడ్డా. లైటు కదల్లేదు. నాలుగైదు నిమిషాలు చూసి అంతా బాగానే ఉంది అనుకుని మెట్లెక్కబోతుంటే టకటకా టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు మూడు నిమిషాలు అలా కొట్టుకుని మళ్ళీ ఆగిపోయింది. దానంతటదే ఆన్ అయి దానంతటదే ఆగేది అంత పెద్దది ఇంట్లో ఒకటే ఉంది, గీజర్. వెళ్ళి చూస్తే బాత్రూమ్ బయట ఉన్న స్విచ్చు ఆన్‌లోనే ఉంది, దానిలో వెలగాల్సిన ఎర్ర బుడ్డి ఎప్పుడో పోయింది. కార్తీకమాసం నుంచీ అమ్మ తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి తలస్నానానికి గీజర్ వేస్తోంది, ఆ తర్వాత వరసగా అందరం స్నానాలు చేసి ఎవరి పనికి వాళ్ళం వెళ్ళిపోతున్నాం, ఆపేవాళ్ళు లేరు. నీళ్ళు చల్లారడం, అది మళ్ళీ వేడి చెయ్యడం, రోజంతా ఇదే. ఆ స్విచ్చు మార్పించడానికి అయిన ఖర్చు ఒక్క నెల బిల్లులోనే తిరిగొచ్చేసింది.

మీరు చేసేటప్పుడు కూడా తొందరపడి వచ్చెయ్యకండి, కనీసం పావుగంట ఉండండి. అన్నీ ఆపినా లైటు ఆగకుండా మెల్లగా వెలుగుతూనే ఉంటే ఇన్వర్టర్ ఆపారో లేదో చూసుకోండి, ఆ తర్వాత కూడా ఆగకపోతే మెయిన్ కూడా దించి చూడండి. మెయిన్ దించితే ఆగిందంటే ఇంట్లో వైరింగ్‌లో లీకేజీ ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే, అది బిల్లు సంగతే కాదు ప్రాణం సంగతి కూడా. మెయిన్ దించినా లైటు వెలుగుతుంటే మీటరు తర్వాత ఎవరో మీ లైన్లోంచి లాగుతున్నారో, మీటరులోనే తేడా ఉందో చూడాలి.

వేడినీళ్ళ లెక్క

మన ఊళ్ళల్లో చలికాలం బిల్లు అంటే ముప్పాతిక వంతు వేడినీళ్ళే అని నా నమ్మకం. 20 లీటర్ల బకెట్ నీళ్ళు 22 డిగ్రీల నుంచి ఒంటికి హాయిగా ఉండే 40 డిగ్రీలకి తేవాలంటే 0.42 యూనిట్ చాలు. నలుగురికి రోజుకి 1.7, నెలకి 50 యూనిట్లు. ఇది తప్పని ఖర్చు, దీని మీద అయ్యేదంతా వృథా.

గీజర్ వెనకో కిందో థర్మోస్టాట్ నాబ్ (నీళ్ళు ఎంత వేడికి ఆగాలో పెట్టేది) ఉంటుంది, చాలా ఇళ్ళల్లో పెట్టిన రోజు ఎంతలో ఉందో అంతలోనే ఉంటుంది. దాన్ని 50 దగ్గరికి తిప్పించండి. 15 లీటర్ల ట్యాంకు 50కి కాగడానికి పావుగంట, అర యూనిట్. అందులో ఇంకో 8 లీటర్లు చన్నీళ్ళు కలుపుకోవచ్చు, నిండు బకెట్ దాటి వస్తుంది. అదే 25 లీటర్ల ట్యాంకుని 60కి కాచారనుకోండి, అరగంట పైనే తిరిగి 1.1 యూనిట్ తాగుద్ది, ఒక్కరు స్నానం చేసి వెళ్ళిపోతే మిగతా వేడంతా ట్యాంకులోనే చల్లారిపోద్ది. అందుకే స్నానాలు వరసగా చెయ్యండి, ఆరింటికి ఒకరు, తొమ్మిదింటికి ఒకరు, మధ్యాహ్నం ఒకరు అంటే ప్రతిసారీ మొదటినుంచీ కాచాలి. ఆఖరున చేసేవాళ్ళు లోపలికి వెళ్ళేముందే స్విచ్ ఆపేసి వెళ్తే ఉన్న వేడి వాళ్ళకి సరిపోద్ది. షవర్ కింద పది నిమిషాలు నిలబడితే నాలుగు బకెట్లు ఈజీగా పోతాయి, ఈ మూడు నెలలు బకెట్, చెంబు మంచిది.

ఇంకోటి ఉంది, ఇది చాలామందికి తట్టదు. వాష్‌బేసిన్ దగ్గరా, సింకు దగ్గరా పైకెత్తే ఒంటి హ్యాండిల్ కుళాయిలు వచ్చాయి కదా, దాన్ని మధ్యలో పెట్టి చెయ్యి కడుక్కుంటే సగం నీళ్ళు గీజర్లోంచి వస్తాయి. వేడినీళ్ళు పైపులో సగం దూరం వచ్చేలోపు మనం కట్టేస్తాం, చేతికి తగిలేది చన్నీళ్ళే, గీజర్లోకి మాత్రం కొత్తగా చన్నీళ్ళు చేరి అది మళ్ళీ అంటుకుంటది. హ్యాండిల్ ఎప్పుడూ పూర్తిగా చన్నీళ్ళ వైపే ఉంచమని ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి.

వాటర్ రాడ్ వాడేవాళ్ళకి, 1500 వాట్ల రాడ్ బకెట్‌ని 45కి తేవడానికి ఇరవై నిమిషాలే పడుతుంది. పెట్టేసి టిఫిన్ చేసుకుంటూ మర్చిపోతే ముప్పావుగంట తర్వాత పొగలు కక్కుతూ ఉంటుంది, అందుకని ఫోన్లో అలారం పెట్టుకోండి. చిన్న ప్లగ్గు పాయింట్లో పెట్టకండి, అది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, పెద్ద పవర్ ప్లగ్గులోనే పెట్టాలి. ప్లాస్టిక్ బకెట్టే వాడాలి, స్విచ్ ఆపి ప్లగ్గు పీకేదాకా నీళ్ళల్లో వేలు పెట్టొద్దు, పిల్లలు తిరిగే చోట అసలు పెట్టొద్దు. బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో రాడ్ మీదా, గీజర్ ఎలిమెంట్ మీదా తెల్లగా ఉప్పు పొర కడుతుంది, అలా వదిలేస్తే ఎలిమెంట్ త్వరగా కాలిపోద్ది కాబట్టి సీజన్‌కి ముందు ఒకసారి శుభ్రం చేయించండి.

గ్యాస్ మీద కాచుకుంటే చవక కదా అని అడుగుతారు. లెక్క వేసి చూశా. 14.2 కిలోల సిలిండర్లో, పొయ్యి చుట్టూ పోయే వేడి తీసేస్తే, సుమారు 110 యూనిట్లకి సమానమైన వేడే నీళ్ళకి చేరుతుంది. సిలిండర్ తొమ్మిది వందల దగ్గర ఉంటే యూనిట్‌కి 8 రూపాయలు పడ్డట్టు. అంటే మీ వాడకం 225 లోపు ఉంటే కరెంటే చవక, దాటితే రెండూ ఇంచుమించు ఒకటే. దానికోసం మరిగే గిన్నె పట్టుకుని వంటింట్లోంచి బాత్రూమ్ దాకా నడవడం నాకు ఇష్టం లేదు.

ఖర్చు లేనిది ఎండ. పొద్దున ఆరింటికి ట్యాంకులో నీళ్ళు చల్లగా ఉంటాయి, మధ్యాహ్నం మూడింటికి అదే ట్యాంకు గోరువెచ్చగా ఉంటుంది. సాయంత్రం స్నానం అలవాటున్నవాళ్ళు నాలుగింటికే రెండు బకెట్లు పట్టి మూత పెట్టుకుంటే గీజర్ పని లేదు. పెద్దవాళ్ళకి, బాలింతకి, పసిబిడ్డకి మాత్రం వేడినీళ్ళ దగ్గర లెక్కలు చూడొద్దండీ, వాళ్ళకి కావాల్సినంత కాచి మిగతా చోట తగ్గించుకోండి.

చలిలో కూడా తిరిగే ఫ్యాన్లు

బయట చలిగా ఉన్నా దోమల కోసం ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి దుప్పటి ముసుగేసుకుని పడుకోవడం మన దగ్గర ప్రతి ఇంట్లో ఉన్నదే, కాలవగట్ల పక్కన ఉన్నవాళ్ళకి మరీనూ. పాత ఫ్యాన్ 75 వాట్లు, రెండు గదుల్లో రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే నెలకి 36 యూనిట్లు. దోమతెర కట్టుకుంటే ఇందులో చాలా భాగం మిగులుద్ది. ఫ్యాన్ లేనిదే నిద్ర పట్టదు అంటే 30 వాట్ల దగ్గర తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ ఎండాకాలానికి కూడా పనికొస్తుంది, కానీ ఎక్కువ తిరిగే గదిలో ఒక్కటే ముందు మార్చండి. పాతకాలం పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఉంటే తీసేయించండి, అది స్పీడు తగ్గించినా మిగతాది వేడి కింద కాల్చేస్తుంది.

మిగతావి

ఫ్రిజ్ నాబ్ ఎండాకాలం పెట్టిన నంబరులోనే ఉండిపోయి ఉంటుంది, దాన్ని తగ్గించండి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి, ఊరికే జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. సంక్రాంతికి చేసే అరిసెలు, జంతికలు డబ్బాల్లో ఉంటాయి, వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు. ఏసీ రిమోట్‌తో ఆపి వదిలేశారా, స్టెబిలైజర్ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఎంసీబీ (బోర్డులో దానికున్న చిన్న బ్రేకర్ స్విచ్చు) దించెయ్యండి. సెట్‌టాప్ బాక్స్ పది వాట్లు తాగేదైతే రోజంతా ప్లగ్గులో ఉంటే నెలకి ఏడు యూనిట్లు. ఒక హెచ్‌పీ మోటారు గంటకి ఇంచుమించు ఒక యూనిట్ తాగుద్ది, ట్యాంకు పొర్లే చప్పుడు వినబడేదాకా ఆగొద్దు. ముందు ఇరవై నిమిషాల్లో నిండే ట్యాంకుకి ఇప్పుడు నలభై పడుతుంటే మోటారో పైపో చూపించుకోవాలి. వాషింగ్ మెషిన్లో వేడినీళ్ళ మోడ్ మామూలు బట్టలకి వద్దు.

సోలార్ గురించి అడిగేవాళ్ళకి ఒక మాట, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడూ ఆపైన 78 వేలు సబ్సిడీ ఉంది. ఎండాకాలంలో నాలుగొందల యూనిట్లు దాటేవాళ్ళకి అది మంచిదే, చలికాలం బిల్లు ఒక్కదాని కోసమైతే ముందు పైన చెప్పినవి చేసి చూడండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే

రీడింగ్ తీసినరోజే మీటరు ఫొటో తీసి పెట్టుకోండి, కేడబ్ల్యూహెచ్ (అంటే యూనిట్లే) అని చూపించే అంకె కనబడాలి, బిల్లు మీద రాసిన రీడింగ్‌తో కలవాలి. రెండూ కలవకపోయినా, మెయిన్ దించినా లైటు వెలుగుతున్నా 1912కి ఫోన్ చేసి సర్వీసు నంబరు చెప్పి ఫిర్యాదు రాయించండి, మీటరు మీదే అనుమానం ఉంటే మీ సెక్షన్ ఆఫీసులో మీటరు టెస్టింగ్‌కి అర్జీ పెట్టొచ్చు. వెళ్ళేటప్పుడు ఆ ఫొటోలు, పోయినేడాది ఇదే నెల బిల్లు, నిమిషానికి లైటు ఎన్నిసార్లు వెలిగిందో రాసుకున్న కాగితం తీసుకెళ్ళండి, ఊరికే బిల్లు ఎక్కువొచ్చిందండీ అంటే వాళ్ళు కూడా ఏం చూడాలో తెలీక మళ్ళీ రమ్మంటారు.