పూలీ పెంపకం – 3వ పాఠం: జడలు విడదీయడం, స్నానం, ఆరబెట్టడం

పోయిన పాఠంలో పూలీ స్వభావం గురించి చెప్పుకున్నాం కదా, హంగేరీ మైదానాల్లో పగలంతా గొర్రెల మందని తోలే కుక్క ఇది, రాత్రి కాపలా డ్యూటీ కొమొండోర్ అనే ఇంకో పెద్ద హంగేరీ కుక్కది. మగది 39 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు, 13-15 కిలోల బరువు, అంతే. కానీ మంద కిక్కిరిసి దారి దొరక్కపోతే గొర్రెల వీపుల మీదుగా దూకి అవతలికి పోతుంది. దీని బొచ్చు జడలు కడుతుంది, వాటిని విడదీయాలంటే ఇంత చురుకైనదాన్ని గంటసేపు కదలకుండా పడుకోబెట్టాలి, ఈ రోజు పాఠంలో అసలు కష్టం ఇదే. అందుకే రెండు మూడు నెలల పిల్లగా ఉన్నప్పట్నుంచే, ఇంకా విడదీయడానికి ఏమీ లేకపోయినా సరే, రోజూ కాసేపు పక్కకి పడుకోబెట్టి చెవుల వెనక, చంకల్లో, పొట్ట మీద వేళ్లు పెట్టి తడమండి, ఊరుకుంటే ఏదైనా తినిపించండి. అరిచి బలవంతం చేస్తే మాత్రం ఈ కుక్క మొండికేస్తుంది, తర్వాత ఇక దగ్గరికి రానివ్వదు.

ఇప్పుడు జడలు ఎలా కడతాయో చూద్దాం. పూలీకి పైన గరుకు బొచ్చు, లోపల మెత్తటి బొచ్చు ఉంటాయి. లోబొచ్చు ఊడినా కింద రాలిపోదు, పైబొచ్చులో ఇరుక్కుని దాంతో కలిసి పెనవేసుకుపోతుంది, అలా జడ తయారవుతుంది. సుమారు ఎనిమిది నెలలకో ఏడాదికో ఇది మొదలవుతుంది, నేలని తాకేంత పొడుగు రావాలంటే ఏళ్లు పడుతుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే పక్కపక్క జడలు కలిసిపోయి మొత్తం కంబళిలా అట్టకట్టేస్తుంది, అప్పుడు కింద చర్మానికి గాలి ఆడదు, పుండు పడినా పేలు పట్టినా మీకు కనపడదు. "జడల కుక్క కదా, దువ్వే పని లేదు" అనుకుని తెచ్చుకునేవాళ్లు ఉన్నారు, పాపం ఆ కుక్కలు చాలా బాధపడతాయి. దువ్వెన వాడకూడదు నిజమే, కానీ చేతిపని వారం వారం ఉంటుంది.

పని ఇలా చేయాలి. బొచ్చు శుభ్రంగా ఉన్నప్పుడే కూర్చోండి. అట్టకట్టిన చోట వేళ్లతో తడిమితే ఎక్కడ చీలడానికి వీలుందో తెలుస్తుంది, అక్కడ రెండు చేతుల బొటనవేలు చూపుడువేలుతో చెరోపక్క పట్టుకుని మెల్లగా లాగి, చర్మం కనపడేదాకా విడదీయండి. సగంలో ఆపితే లాభం లేదు, కుదుళ్ల దగ్గర కలిసే ఉంటే వారానికి మళ్లీ అతుక్కుంటాయి. ఒక్కో జడ మీ చిటికెన వేలు లావు ఉంటే చాలు, మరీ సన్నగా చీలిస్తే బలం లేక తెగిపోతాయి. చెవుల వెనక, చంకలు, తొడల సందు, ఈ మూడూ తొందరగా అట్టకడతాయి కాబట్టి ముందు అవి చూడండి. కత్తెర ముట్టుకోవద్దు, చర్మం ఎక్కడుందో కనపడదు.

స్నానానికి షాంపూని ముందే బకెట్లో నీళ్లలో బాగా పలచగా కలపాలి. జడల్ని రుద్దకుండా స్పాంజి పిండినట్టు పిండుతూ పోవాలి. షాంపూ పెట్టినదానికి రెండింతల సేపు కడగండి, ఎందుకంటే జడ లోపల సబ్బు మిగిలితే దురద పట్టుకుంటుంది. తర్వాత టవల్ మీద టవల్ మార్చి నీళ్లన్నీ పిండేసి, డ్రయ్యర్ గానీ పెద్ద ఫ్యాన్ గానీ పెట్టండి. పెరిగిన బొచ్చు పూర్తిగా ఆరడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పైన ఆరిందని వదిలేయకండి, జడ కుదురు దగ్గర నొక్కి చూడండి, చల్లగా తగిలితే తడి ఉన్నట్టే, ఆ తడికి బూజు పట్టి వచ్చే వాసన ఇంకో స్నానంతో పోదు.

అందుకే ఉక్కపోత ఊళ్లలో, విజయవాడ వైజాగ్ లాంటి చోట్ల, ఈ కుక్కని నిండు జడలతో పెంచడం నాకు అస్సలు ఇష్టం లేదు. చలి దేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా వారం వారం కూర్చునే ఓపిక లేకపోతే గ్రూమర్ దగ్గర పొట్టిగా కత్తిరించేయండి, కుక్క హాయిగా ఉంటుంది, పని చేసే చురుకు ఎక్కడికీ పోదు.

ఈ వారం మీ పని, ఒక్క కుడి చెవి వెనక భాగం మాత్రమే చర్మం దాకా విడదీయడం. వచ్చే పాఠంలో మూతి దగ్గర బొచ్చు, కళ్ల మీద పడే జడలు, పాదాల సంగతి చూద్దాం.