ఫైబర్ బోటు మీద తుప్పు మరకలు: కడిగినా మళ్లీ వస్తుంటే

బోటు పక్కన గోధుమరంగు కనిపించగానే అందరూ యాసిడ్ కోసం పరుగెడతారు. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: మరక పై కొస ఎక్కడుందో చూడండి. తుప్పు నీటితో పాటు కిందికి జారుతుంది కాబట్టి అది పుట్టిన చోటు పై కొసలోనే ఉంటుంది. అక్కడ వేలు పెట్టి తడిమితే బోల్టు తల, కొక్కెం, రైలింగ్ కాలు, ఏదో ఒకటి తగలాలి. ఏమీ తగలకపోతే మరక రెండు పక్కలా ఉందా, ఒకే పక్కన ఉందా చూడండి. రెండు నిమిషాల పని. అయినా దీన్ని వదిలేసి నేరుగా రుద్దడం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

నీటి గీత వెంట పసుపు, గోధుమ పట్టీ

హార్బర్‌లో నిలిచి ఉండే బోట్లన్నిటికీ ఇది ఉంటుంది. పైన డీజిల్ జిడ్డు, దాని కింద నాచు, కుళ్లిన ఆకుల రంగు. యాసిడ్ జిడ్డు మీద పనిచేయదు. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతోనో, కొంచెం కిరోసిన్ తడిపిన గుడ్డతోనో జిడ్డు తీసి, కడిగి, ఆ తర్వాతే ఆక్సాలిక్ యాసిడ్ (తుప్పు తీసే పొడి, కలిపే పద్ధతి కింద చెప్పాను) పెట్టండి. బ్లీచింగ్ నాచుకు పనికొస్తుంది కానీ తుప్పుకు పనికిరాదు. తుప్పు ఉన్నచోట అది మరకను మరింత గట్టిపరుస్తుంది. బ్లీచింగ్‌నీ యాసిడ్‌నీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

నల్లటి గీతలు జెట్టీకి కట్టిన లారీ టైర్లవి. టర్పెంటైన్ గుడ్డతో తుడిస్తే పోతాయి.

బోల్టు కింద కారుతున్న గోధుమ చార

స్టెయిన్‌లెస్ బోల్టు కదా, తుప్పెలా పడుతుందంటారు. స్టెయిన్‌లెస్‌ను కాపాడే పలుచని పొర నిలబడాలంటే గాలి తగలాలి. సీలెంట్ (నీరు చొరకుండా పెట్టే జిగురు) ఊడి బోల్టు రంధ్రంలో ఉప్పునీరు నిలిచిపోతే గాలి ఆడక లోపలే తినేస్తుంది. పైన మెరుస్తూనే ఉంటుంది, కింద చార కారుతుంది. పైన ఎంత కడిగినా లాభం లేదు. బోల్టు తీసి, రంధ్రం ఆరబెట్టి, 316 గ్రేడు స్టెయిన్‌లెస్ బోల్టును కొత్త సీలెంట్‌తో బిగించండి. 304 గ్రేడు ఉప్పునీటికి అంతగా ఆగదు.

బాత్‌రూములు కడిగే యాసిడ్‌ను మాత్రం స్టెయిన్‌లెస్ దగ్గరికి తేకండి. మరక నిమిషంలో పోతుంది నిజమే, కానీ ఆ యాసిడ్‌లోని క్లోరైడ్ లోహానికి గుంటలు పొడుస్తుంది.

ఒక పక్కంతా చల్లినట్టు సన్నటి గోధుమ చుక్కలు

అసలు తలనొప్పి ఇదే. విశాఖలో దీన్ని చూసిన ప్రతివాళ్లూ "పోర్టు దుమ్ము" అంటారు. ఆ మాట నమ్మి సబ్బునీళ్లు కొడతారు, పోదు. పాలిషింగ్ మిషన్ పెడతారు, ఆ రోజుకి తెల్లగా కనిపిస్తుంది. వారంలో చుక్కలు మళ్లీ వస్తాయి, ఈసారి గీతలతో సహా.

పోర్టు దుమ్ము ఇక్కడ లేదని నేననడం లేదు. కానీ దాని తీరు వేరు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి పోర్టుకు వచ్చే ఇనుప ఖనిజం హెమటైట్, అంటే అది ముందే ఆక్సైడ్. అది కొత్తగా తుప్పు పట్టదు. ఎర్రటి పొడిలా డెక్కు మీద, మూలల్లో, పైకి తిరిగి ఉన్న చోట్ల పేరుకుంటుంది, సబ్బునీటికి దాదాపుగా పోతుంది. నిటారుగా ఉన్న పక్కకి, అదీ ఒకే పక్కకి, చుక్కలు చుక్కలుగా అంటుకుని రోజురోజుకీ ముదరడం దుమ్ము లక్షణం కాదు.

అది గ్రైండర్ నిప్పురవ్వల పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో బోట్లన్నీ ఒక్కసారే ఒడ్డుకెక్కుతాయి. మీ ఫైబర్ బోటుకి వాక్స్ పడుతున్న రోజునే పక్కన స్టీల్ ట్రాలర్‌కి ప్లేట్లు కోస్తుంటారు. ఎగిరే ప్రతి రవ్వా కాలుతున్న ఉక్కు ముక్క. అది జెల్‌కోట్‌ను (ఫైబర్ మీదుండే నునుపైన పై పొర) తాకగానే కాల్చి అందులో దిగబడిపోతుంది. అప్పుడు కంటికి ఏమీ కనిపించదు. రాత్రి మంచు, ఉప్పుగాలి తగిలాక, ఒకట్రెండు రోజులకి ప్రతి ముక్క చుట్టూ గోధుమ వలయం వస్తుంది.

నిర్ధారించుకోవడానికి మూడు చూడండి. చుక్క మీద గోరు ఆడిస్తే గరుకు తగులుతుంది. భూతద్దంలో మధ్యన నల్లటి గింజ కనిపిస్తుంది. అదే పక్కనున్న స్టెయిన్‌లెస్ రైలింగ్ మీద కూడా అవే చుక్కలుంటాయి. రైలింగ్ చూసి "నకిలీ స్టీల్ అంటగట్టారు" అని షాపువాడితో తగాదా పడేవాళ్లున్నారు, పాపం అతని తప్పేం లేదు.

పరిష్కారం ఆక్సాలిక్ యాసిడ్. మార్బుల్ పాలిష్‌వాళ్లు వాడే తెల్ల పొడి ఇదే. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 80 గ్రాములు కలపండి. ఇనుప, అల్యూమినియం పాత్రలు వద్దు. నిటారు పక్క మీద నిలవాలి కాబట్టి బట్టలకు పెట్టే గంజితో చిక్కబరచి పూసి, పైన పాలిథిన్ అంటించండి. ఎండ ఎక్కకముందే చేయాలి. ఎండిపోతే పని ఆగిపోయినట్టే. పావుగంట తర్వాత మెత్తటి బ్రష్‌తో తీసి మంచినీళ్లతో బాగా కడగండి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే తెల్లటి పొర కడుతుంది, మున్సిపల్ నీళ్లు మేలు. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆ పొడి విషం. గాల్వనైజ్డ్ గొలుసు మీదా, అడుగు పెయింటు మీదా పడనివ్వకండి.

ఇక్కడే అందరూ ఆగిపోతారు. గోధుమ వలయం పోయినంత మాత్రాన పని అయిపోలేదు. మధ్యలో నల్ల గింజ ఉంటే ఉక్కు ఇంకా లోపలే ఉంది, మళ్లీ పూయండి. మిగిలినవాటికి కారు డీటెయిలింగ్ షాపుల్లో దొరికే క్లే బార్‌ని (గరుకును లాగేసే మెత్తటి ముద్ద) సబ్బునీటితో తడిపి నెమ్మదిగా రాయండి. తర్వాత తడి నూలుగుడ్డ ఆ చోట అతికించి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి కొత్త చుక్కలు రాకపోతేనే పాలిష్, వాక్స్. యాసిడ్ పాత వాక్స్‌ని తీసేస్తుంది కాబట్టి వాక్స్ మానకూడదు. గింజలు లోపలుండగా పాలిష్ పెడితే ఉక్కుపొడిని మొత్తం బాడీకి రుద్దినట్టే.

రాకుండా చూసుకోవడం తేలిక. వేసవిలో ఇక్కడ నైరుతి గాలి ఎక్కువ. స్టీల్ పని జరిగే బోటుకి ఈశాన్యాన మీ బోటు పెట్టకండి. చోటు దొరక్కపోతే పక్కవాళ్లని అడిగి తడి టార్పాలిన్ కట్టండి, ఎవరూ కాదనరు. పని అయిన సాయంత్రమే, మంచు పడకముందే, హోస్‌తో కడిగేయండి. వాక్స్ ఉన్న బాడీ మీద పడిన చాలా రవ్వలు అప్పుడే ఊడొస్తాయి.

ఇదే చుక్కలు నీటి గీత కిందే, రెండు పక్కలా ఉంటే గుల్లలు గీకడానికి ఎవరో ఇనుప బ్రష్ వాడారన్నమాట. విరిగిన వెంట్రుకలు ఉండిపోతాయి. వైద్యం అదే. ఇకమీదట ప్లాస్టిక్ గీకుడుపలక వాడమనండి.

బొబ్బలు లేచి పుల్లటి వాసన నీరు కారడం, చీలికలోంచి లోపలి చెక్క రసం రావడం అరుదు. అవి కడిగితే పోయేవి కావు, ఫైబర్ పనివాడికి చూపించండి.