పాత కారుకి బల్బు కొనేముందు

పాత కారులో బల్బు మాడిపోతే వెంటనే కొత్తది కొనేయకండి. ముందు బ్యాటరీ మూతలు లెక్కపెట్టండి: మూడుంటే 6 వోల్టులు, ఆరుంటే 12. 1950ల మధ్యదాకా వచ్చిన అమెరికన్ కార్లలో చాలావాటికి 6 వోల్టులే. వాటిలో 12 వోల్టుల బల్బు పెడితే గుడ్డిదీపంలా ఉంటుంది. 6 వోల్టులది 12లో పెడితే క్షణంలో మాడిపోతుంది.

తర్వాత పాత బల్బు తీసి, ఇత్తడి అంచు మీద ఉన్న నంబరు చూడండి. చెరిగిపోయినట్టుంటే భూతద్దం తెచ్చుకోండి. వెనక బ్రేకు లైటుకి 12 వోల్టుల్లో 1157 అని అడుగుతాం కదా, 6 వోల్టుల్లో దాని జోడీ 1154. ఒకే ఫిలమెంటుండే 1156కి బదులు 1129. పక్కల పిన్నులు కూడా గమనించండి, 1154కి రెండూ ఒకే ఎత్తులో ఉండవు. తిరగట్లేదని బలవంతంగా తిప్పితే హోల్డరే పాడవుతుంది.

ఎల్‌ఈడీ కొంటే మాత్రం పాజిటివ్ ఎర్త్ కారేమో, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసని కారు బాడీకి కలిపారేమో చూసుకోండి. పాత బ్రిటిష్ కార్లలో అది మామూలే, ధ్రువాలు తారుమారైతే కొన్ని ఎల్‌ఈడీలు వెలగవు.

కొత్త బల్బూ మసకగానే ఉందా? హోల్డరులో తుప్పు గీకి, ఎర్త్ వైరు బిగించే చోటు మెరిసేదాకా రుద్దండి. 6 వోల్టుల్లో అదే వాటేజీకి కరెంటు రెట్టింపు పారుతుంది కాబట్టి, కాస్త తుప్పుకే వెలుగు పడిపోతుంది.