బరువుంది, దెబ్బలో బలం లేదు: హెవీవెయిట్ బాక్సర్లకు సమస్య - పరిష్కారం

ఇక్కడ విశాఖలో గాజువాక నుంచో కంచరపాలెం నుంచో బాక్సింగ్‌కొచ్చే భారీ కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: “సార్, తొంభై అయిదు కిలోలున్నాను. నాకంటే ఇరవై కిలోలు తక్కువున్నోడు కొడితే పంచింగ్ బ్యాగ్ అదిరిపోతోంది. నేను కొడితే ఊగుతోందంతే. ఎందుకు సార్?” అడిగిన మర్నాటి నుంచి బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీంచి బరువులెత్తడం) మీద పడతారు. లోపం చేతిలో ఉంటే అది పనిచేసేది. దాదాపు ప్రతిసారీ లోపం పాదం దగ్గర మొదలై పిడికిలి దగ్గర బయటపడుతుంది. అందుకే కింది నుంచి పైకి వెతకాలి.

బరువు ఒక్కటే సరిపోతుందనుకునేవాళ్లు ఒకప్పటి అమెరికా హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానోని గుర్తుపెట్టుకోవాలి. మనిషి అయిదడుగుల పది అంగుళాలు, రింగ్‌లోకి దిగేటప్పుడు సుమారు 85 కిలోలు. ప్రొఫెషనల్ హెవీవెయిట్ ఇప్పుడు 90.7 కిలోలు దాటాకే మొదలవుతుంది కాబట్టి, ఈ రోజుల్లో అయితే ఆయన ఒక మెట్టు కింది విభాగంలో ఆడాల్సి వచ్చేది. అయినా 49 పోటీలు ఆడి అన్నీ గెలిచాడు, అందులో 43 నాకౌట్లు.

బ్యాగ్ ఊగుతుంది, అదరదు

కారణం: కొట్టడం బదులు తోస్తున్నారు. పిడికిలి మొదటి నుంచే బిగించి ఉంచితే ముంజేయి, బైసెప్ బిగుసుకుని చేతికి బ్రేకు వేస్తాయి. వేగం పోతుంది, ఆ లోటును బరువుతో నెట్టి పూడ్చుకుంటారు.

బ్రిటన్ హెవీవెయిట్ ఫ్రాంక్ బ్రూనో గుద్దును పరిశోధకులు కొలిచి 1985లో ప్రచురించారు. పిడికిలి సెకనుకు 8.9 మీటర్ల వేగంతో తగిలింది. తగిలిన 14 మిల్లీసెకన్లలోనే బలం 4,096 న్యూటన్లకు చేరింది, అంటే నాలుగు వందల కిలోల పైచిలుకు బరువు మోపినంత. అంత తక్కువ సమయంలో తోయడానికి వీలే లేదు. పని జరిగేదంతా ఆ క్షణంలోనే.

పరిష్కారం: దారంతా చెయ్యి వదులుగా వెళ్లాలి, తగిలే క్షణంలో మాత్రం మణికట్టు నుంచి మడమ దాకా ఒంట్లో ఏ కీలూ వదులుగా ఉండకూడదు. అప్పుడే చేతి బరువుకి ఒంటి బరువు తోడవుతుంది. తడి తువ్వాలు విదిలించినప్పుడు కొసన వచ్చే చప్పుడు లాంటిది మీ గుద్దులో వినబడాలి. కొన్ని వారాలు సగం బలంతోనే కొట్టండి. కొట్టిన చెయ్యి వెళ్లిన దారినే, వెళ్లినంత వేగంగా గడ్డం దగ్గరకు వెనక్కి రావాలి. ఈ భాగానికి ఓపిక కావాలి, పెద్ద ఒళ్లున్నవాళ్లకు మరీను. సగం బలంతో కొట్టడం వాళ్లకు నామోషీగా ఉంటుంది. అయినా ఇదే పునాది.

భుజం ముందు అలిసిపోతుంది, కాళ్లు తాజాగానే ఉంటాయి

ఇంతకంటే స్పష్టమైన లక్షణం ఇంకోటి లేదు: చేత్తో మాత్రమే కొడుతున్నారు. 120 మంది బాక్సర్ల మీద జరిగిన ఒక సోవియట్ అధ్యయనంలో, అగ్రశ్రేణివాళ్ల గుద్దులో సుమారు 38 శాతం కాళ్ల తోపు నుంచి, 37 శాతం మొండెం తిరగడం నుంచి వచ్చినట్టు తేలింది. చేతి వాటా 24 శాతమే.

వెనక మడమ నేలకు అతుక్కుని ఉందేమో చూడండి. క్రాస్ (వెనక చేత్తో తిన్నగా కొట్టే గుద్దు) కొట్టేటప్పుడు వెనక పాదం మునివేళ్ల మీద తిరగాలి, దాని వెంట తుంటి, ఆ తర్వాత భుజం, చివర్లో పిడికిలి. చేతులు గుండెల మీద కట్టుకుని అద్దం ముందు ఒక్క తుంటినే తిప్పడం అలవాటు చేసుకోండి. తర్వాత మూడు నాలుగు కిలోల మెడిసిన్ బాల్‌ను (కసరత్తుకు వాడే బరువు బంతి) పక్కకు తిరిగి గోడకేసి విసరండి. అయిదేసి సార్లు విసిరి, పూర్తిగా తేరుకున్నాకే మళ్లీ. ఆయాసంతో విసిరితే వేగం నేర్చుకోలేరు. స్క్వాట్ (బరువుతో గుంజీళ్లు), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువెత్తడం) వారానికి రెండు రోజులు చాలు.

మన ఊళ్లో అందరూ ఆర్కే బీచ్ ఇసకలో పరుగెత్తుతారు. పిక్కలకు, దమ్ముకు మంచిదే. గుద్దు సాధన మాత్రం అక్కడ వద్దు: పాదం తోసిన బలాన్ని ఇసక మింగేస్తుంది. గట్టి నేల మీదే చెయ్యండి.

కొట్టగానే ముందుకు తూలుతున్నారు

ముందు మోకాలు జారిపోతోంది, లేదా రెండు పాదాలూ ఒకే గీత మీద ఉన్నాయి. పాదాల మధ్య భుజాలంత ఎడం ఉంచి, తగిలే క్షణంలో ముందు కాలిని గట్టిగా నిలబెట్టండి. ఆగే కాలు లేకపోతే తిరిగే తుంటి లేదు.

మొదటి రౌండ్‌లోనే పవర్, తర్వాత గాలి

అమెరికా హెవీవెయిట్ జార్జ్ ఫోర్‌మన్ 1973లో అప్పటి ఛాంపియన్ జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. మరుసటి ఏడాది ఆఫ్రికాలోని కిన్షాసాలో, రింగ్ తాళ్లకు ఆనుకున్న మహమ్మద్ అలీ మీద ప్రతి గుద్దూ పూర్తి బలంతో విసిరి విసిరి అలిసిపోయి, ఎనిమిదో రౌండ్‌లో తనే పడిపోయాడు. అదే మనిషి 1994లో, 45 ఏళ్ల వయసులో, పాయింట్లలో వెనకబడి కూడా జాబ్‌తో (ముందు చేత్తో వేసే చురుకైన తిన్నని గుద్దు) పని చేసుకుంటూ వచ్చి, పదో రౌండ్‌లో పొట్టి కుడి దెబ్బతో అప్పటి ఛాంపియన్ మైకేల్ మూరర్‌ను నాకౌట్ చేశాడు. బలం తగ్గిన వయసులో పవర్‌ను ఎలా దాచుకోవాలో ఆయనను చూసి నేర్చుకోవాలి.

పదింటిలో ఎనిమిది గుద్దులు వదులుగా, రెండే బరువుగా. మూడు నిమిషాలు పని, నిమిషం విశ్రాంతి లెక్కన బ్యాగ్ రౌండ్లు చెయ్యండి. విశాఖ ఉక్కపోతలో చెమట ధారలు కడుతుంది, నీళ్లొక్కటే చాలవు. ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో తీసుకోండి.

బ్యాగ్ మీద బాగుంది, రింగ్‌లో తగలడం లేదు

కొట్టేముందు మోచెయ్యి లేస్తోంది, లేదా చెయ్యి వెనక్కి వెళ్తోంది. ఎదుటివాడికి కబురు అందిపోతోంది. ఫోన్‌లో పక్కనుంచి వీడియో తీసి చూసుకోండి. జాబ్ లేకుండా క్రాస్ వెయ్యకండి. స్పారింగ్‌లో (తోటివాడితో సాధన పోటీలో) తల దిమ్మెక్కితే ఆ రోజుకి ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి. హెడ్‌గార్డ్ ఉన్నా మెదడు కుదుపు ఆగదు.

మణికట్టు, చిటికెన వేలి వైపు నొప్పి

చివరి రెండు మెటికలతో తగులుతోంది. చూపుడు, నడిమి వేళ్ల మెటికలు ముంజేతికి తిన్నగా ఉండాలి. పట్టీ మణికట్టు దాటి బొటనవేలి మొదలు దాకా చుట్టండి. చిటికెన వేలి ఎముక దగ్గర వాపు వచ్చి తాకితే నొప్పెడుతుంటే ఎక్స్‌రే తీయించేదాకా గ్లవ్ తొడగొద్దు.