దుబాయికి పిల్లల దగ్గరకు వెళ్లే కడపవాసులకు ప్రయాణ జాగ్రత్తలు

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి. పెట్టెలు సర్దకముందే ఇవి చూసుకోండి.

– అక్కడ కారు నడపాలనుకుంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కడప రవాణా కార్యాలయంలోనే తీసుకోండి. మన లైసెన్సు ఒక్కటే సరిపోదు. ప్రమాదం జరిగితే బీమా అందక నష్టమంతా మీ నెత్తిన పడవచ్చు. అబ్బాయి కారే కదా అని తాళాలు అందుకోకండి; మీరు నడిపితే బీమా వర్తిస్తుందా అని ముందు అడిగించండి.

– మెట్రోకు, బస్సుకు నోల్ కార్డు (ముందే డబ్బు వేసుకుని వాడే దుబాయి ప్రయాణ కార్డు) కొనండి. బస్సులో నోట్లు తీసుకోరు. దిగేటప్పుడూ కార్డు తాకించాలి, ఛార్జీ లెక్క తేలేది అప్పుడే.

– అబుదాబి సిటీ బస్సుల్లో నోల్ చెల్లదు. అక్కడ హఫిలాత్ కార్డు.

– మెట్రోలో నేలమీది గులాబీ గీత చూడండి. అది దాటితే మహిళలు, పిల్లల బోగీ. మగవాళ్లు ఎక్కితే 100 దిర్హాముల జరిమానా. రైల్లో తిన్నా, తాగినా అంతే. పెద్దవాళ్లకు ఇది తప్పకుండా చెప్పండి, పాపం, మంచినీళ్ల సీసా చేతిలోనే ఉంటుంది.

– మెట్రోలో మనిషికి ఒక పెద్ద పెట్టె, ఒక చిన్నది మాత్రమే. ఊరగాయలు, పొడులతో సంచులు ఎక్కువైతే విమానాశ్రయం నుంచి మీటరు టాక్సీయే మేలు.

– ఆదివారం మెట్రో ఉదయం 8 గంటలకు గానీ మొదలుకాదు.