వైఫై కనెక్టెడ్ అంటుంది, నెట్ మాత్రం రాదు

టీవీలో వైఫై గుర్తు నిండుగా ఉన్నా, ఇంట్లో పెద్దవాళ్లు ఎస్వీబీసీ లైవ్ పెట్టమంటే యూట్యూబ్ గిర్రున తిరుగుతూనే ఉందనుకోండి, ముందే టీవీని తిట్టకుండా, అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి ఏదైనా పేజీ తెరిచి చూడండి. అందులోనూ రాకపోతే టీవీ తప్పేం లేదు. ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ రావట్లేదని చెప్పే) లైటు ఎర్రగా వెలుగుతోందంటే లైన్ ఎక్కడో తెగినట్టో వంగినట్టో, కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయడమే. తిరుపతిలో కొర్లగుంట, బైరాగిపట్టెడ సందుల్లో స్తంభాల మీద వేలాడే కేబుళ్లు చూసినవాళ్లకు ఇది వింతేం కాదు.

ఫోన్‌లో వచ్చి టీవీలో రాకపోతేనే అసలు పని. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ వివరాలు తెరిచి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో టీవీకి ఉండే నంబరు, చూడండి. 169.254తో మొదలైతే రూటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం, టీవీ తనకు తానే ఒకటి తగిలించుకుంది. రూటర్ ఆపి, ఒక నిమిషం ఆగి వేయండి, టీవీలో ఆ వైఫైని ఫర్గెట్ కొట్టి పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వండి. 192.168 లాంటి అడ్రస్ ఉండి కూడా నెట్ రాకపోతే డీఎన్ఎస్‌ని (సైట్ల పేర్లకు అడ్రస్‌లు వెతికిపెట్టేది) మాన్యువల్‌గా 8.8.8.8 అని, అంటే గూగుల్‌ది, పెట్టి చూడండి.

చాలామంది పట్టించుకోనిది తేదీ. కరెంటు పోయి వచ్చాక కొన్ని టీవీల్లో గడియారం ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది, దాంతో సైటు అసలైనదేనని చూపే సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లనట్టు లెక్కేసి యాప్‌లు మొండికేస్తాయి. తేదీ, టైమ్ చేత్తో సరిచేయండి.

ఫ్యాక్టరీ రీసెట్ జోలికి చివర్లోనే వెళ్లండి, లాగిన్‌లన్నీ పోతాయి, రిమోట్‌తో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ కూర్చోవాలి.