వంకర పాదానికి పిండికట్టు వేశాక

పుట్టుకతో పాదం లోపలికి, కిందికి తిరిగి ఉంటే క్లబ్‌ఫుట్ అంటారు. ఈ రోజుల్లో ముందు చేసేది పోన్‌సెటి పద్ధతి. వారానికోసారి పాదాన్ని కాస్త కాస్త సరిచేస్తూ, వేళ్ల నుంచి తొడ పైభాగం దాకా, మోకాలు వంచి పిండికట్టు వేస్తారు. సాధారణంగా ఐదు నుంచి ఏడు కట్లు పడతాయి. తర్వాత చాలామంది పిల్లలకు మడమ వెనక స్నాయువును చిన్న గాటుతో కోసి, మూడు వారాలు మరో కట్టు ఉంచుతారు. పెద్ద కోతతో సరిచేసిన పాదం మచ్చ కట్టి, బిగుసుకుపోయి, పెద్దయ్యాక నొప్పి పెట్టే అవకాశం ఎక్కువ. అందుకే దాన్ని చివరికి అట్టే పెడతారు.

కట్టు వేసిన మొదటి పన్నెండు గంటలు గంటకోసారి వేళ్లు చూడండి. వేలు మెల్లగా నొక్కి వదిలితే తెల్లబడి, రెండు మూడు సెకన్లలో గులాబీ రంగుకు రావాలి. తెల్లగానో నీలంగానో చల్లగా ఉండిపోతే, కట్టు బిగుతై రక్తం అందడం లేదని అర్థం. అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి. తర్వాత రోజుకు నాలుగుసార్లు చూస్తే చాలు.

నిజానికి ఎక్కువ మంది గమనించనిది కట్టు జారడం. నిన్న కనిపించిన వేళ్లు ఇవాళ లోపలికి పోయాయంటే కట్టు కిందికి జారినట్టే. మడమ దాని చోటు తప్పుతుంది, ఒరుసుకుని పుండు పడుతుంది, పాదం మధ్యలో వంగి అడుగు ఉబ్బుతుంది. వచ్చే వారం ఎలాగూ మారుస్తారులే అని ఆగకండి. జారిన కట్టు లేనిదానికన్నా చెడ్డది.

కట్టు ఆరేదాకా మడమ గట్టి పరుపు మీద ఆనకూడదు, పిక్క కింద మెత్తటి దిండు పెట్టండి. డైపర్ అంచు కట్టు లోపలికి పోకుండా చూడండి. స్నానం బదులు తడిగుడ్డ. దురద ఉందని లోపలికి పుల్లలు, పౌడరు వద్దు. స్నాయువు కోశాక కట్టు మీద రక్తపు చుక్క కనిపిస్తే పెన్నుతో చుట్టూ గీసుకోండి. అది గీత దాటి పెరిగినా, జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, కట్టు లోంచి వాసన వచ్చినా డాక్టరును కలవాలి.

ఆఖరి కట్టు తీశాక వచ్చే బ్రేసు బూట్లే (ఒక కడ్డీకి బిగించిన జత బూట్లు) అసలు పరీక్ష. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగైదేళ్ల వయసు దాకా నిద్రలో 12 నుంచి 14 గంటలు తొడగాలి. పాదం మళ్లీ వంకర తిరగడానికి పెద్ద కారణం ఇది మానేయడమే. తొడిగేటప్పుడు ముందు మధ్య పట్టీ బిగించండి, మడమను బూటులో కిందికి దించి పట్టి ఉంచేది అదే. మడమ పదేపదే జారుతుంటే, ఎర్రగా కమిలి తగ్గకపోతే బూటు చూపించండి. ఎర్రబడ్డ చోట నూనె, క్రీము రాయకండి, చర్మం మెత్తబడి ఇంకా ఊడుతుంది.

ఒక కాలికే ఉన్నప్పుడు ఆ పాదం కాస్త పొట్టిగా, పిక్క సన్నగా మిగలడం మామూలే, వైద్యం తప్పినట్టు కాదు.